ఇంటి ముందరి ప్రభ

పూర్వము మా పలనాటిసీమలో పరిచితులిద్దరు దారిలో ఎదురైనచో వానలు పడినవా, పైరు ఎట్లున్నది, పిల్లవానికి జ్వరము తగ్గినదా అని అడుగుకొనుట మర్యాదగా నుండెను, ఇప్పుడు నరసరావుపేట కల్యాణమండపములలో, భోజనపు బల్లయొద్ద, నావంటివానికి ఎదురగు ప్రశ్న యొక్కటే: “ఇంతకీ సొంతిల్లేనా మాస్టారూ?” ఈ ప్రశ్నలోని ‘ఇంతకీ’ యను మాటను పాఠకులు తేలికగా చూడరాదు. ముప్పదియేండ్లు పిల్లలకు తెలుగు చెప్పితిననియు, నా బిడ్డలిద్దరును చదువుకొని ఎవరి సంసారము వారు దిద్దుకొనుచున్నారనియు, అరువదియైదేండ్లు నిండినను నా రక్తములో చక్కెర యింకను కాపురము పెట్టలేదనియు అంతవరకు నేను విన్నవించుకొన్న యోగక్షేమములన్నియు ఆ యొక్క పదముచేత, విస్తరి చివరకు నెట్టిన కరివేపాకువలె, ప్రక్కకు తొలగిపోవును. “లేదండీ, అద్దెకే” అని నేననగానే ఎదుటివాని ముఖమున పరామర్శకు వచ్చినవాని గాంభీర్యము నెలకొనును. ఆయన ఒక్క క్షణము నా వంక చూచి, ఇక నాతో చెప్పుకొనదగిన మాట యేదియు మిగులలేదు గనుక, తన విస్తరిలోని బూరెను విరుచుకొనును.

ఈ జాలికి ఆధారమైన సిద్ధాంతమును మావారు ఏ శాస్త్రగ్రంథములోను వ్రాసి యుంచలేదు గాని, వేదవాక్యముకంటె గట్టిగా నమ్ముచున్నారు. సొంతయిల్లు గలవాడు సుఖి, సుఖియైనవాడు మాన్యుడు, అద్దెయింట నుండువాడు ఒకవేళ సుఖియైనను అది పొరపాటున కలిగిన సుఖము గనుక లెక్కకు రాదు. తార్కికులు కొండపై పొగను చూచి నిప్పు కలదని ఊహించినట్లు, మావారు మేడపై నీళ్ళ ట్యాంకును చూచి లోపల ఆనందము కలదని ఊహింతురు. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అని పెద్దలు చెప్పినది ఆ రెండు పనులలోని కడగండ్లు చేసినవానికి గాని తెలియవను హెచ్చరికగా; దానిని మావారు సర్కారు ఉత్తరువుగా గ్రహించి, మొదట ఇల్లు కట్టి, ఆ యప్పు తీరకమునుపే పెళ్ళి చేసి, ఆపైన రెండింటిని చూచుచు కూర్చుందురు.

గృహప్రవేశమునకు పిలిచినప్పుడు వెళ్ళని పాపమును నేనెన్నడును మూటగట్టుకొనలేదు. మొన్న మాఘమాసమున మా బంధువులలో నొకరు గురజాల దారిలో కట్టిన ఇంటికి తెల్లవారుజామున నాలుగు గంటలకే పోయితిని. సన్నాయి మ్రోగుచున్నది, సిద్ధాంతిగారు ముహూర్తము మించిపోవుచున్నదని తొందరపెట్టుచున్నారు, కాని అందరికంటె ముందు లోనికి అడుగు పెట్టవలసిన గోమాత మాత్రము, అద్దమువలె మెరయు నల్లని గ్రానైటు మెట్లను ఒకమారు మూచూచి, వెనుకకు తగ్గి, ఎందరు త్రోసినను కదలక నిలిచెను. ఆ మెట్లు ఎంతటి నునుపో, వానాకాలమున వానిపై ఎవరి తుంటియెముక విరుగనున్నదో ఆ నోరులేని ప్రాణికి తెలిసినంతగా డిజైను గీసిన ఇంజనీరునకు తెలియలేదు. తుదకు మెట్లపై గోనెపట్టాలు పరచిరి; గోవు ప్రవేశించెను; దాని వెనుక దంపతులు, వారి వెనుక దేవుని పటములు, వాని వెనుక పొంగవలసిన పాలు.

పాలు పొంగిన పిదప అసలు క్రతువు మొదలైనది. అతిథులమందరము కోటప్పకొండ మీది దర్శనపు వరుసలోవలె ఒకరి వెనుక నొకరము నిలువగా, గృహస్థు మమ్ము గదిగదికిని నడిపించెను. “ఇది మాస్టర్ బెడ్‌రూమండీ. ఇది పిల్లల బెడ్‌రూము. ఇది గెస్ట్ బెడ్‌రూము.” ఆ యింట నివసింపబోవువారు భార్యాభర్తలిరువురే, పిల్లలు హైదరాబాదులో నున్నారు, గెస్టులము మేము, మధ్యాహ్న భోజనము కాగానే పోవువారము. స్నానాల గదులు నాలుగింటిని ఆయన విడివిడిగా చూపి, ప్రతిదానిలోను కుళాయి త్రిప్పి నీరు వచ్చుచున్నదని నిరూపించెను. నేను ఒక మనుష్యుని పాండిత్యమునకు గాని, దయకు గాని, ఇంతమంది ఇంత శ్రద్ధగా తల లూపుట నా జీవితమున చూచి యెరుగను. ఆడవారు గోడలకు అతికిన టైల్సును వ్రేలితో కొట్టి విని, ధ్వనిని బట్టి ధరను నిర్ణయించుచుండిరి. మగవారు మెల్లగా చెవిలో అడుగు మాట “చదరపు అడుక్కి ఎంత పడిందేంది?” అనునది. దీనికి గృహస్థు చెప్పు సమాధానము అడిగినవానిని బట్టి మారును: అప్పిచ్చినవానికి తక్కువగాను, వియ్యంకునికి ఎక్కువగాను, ఆదాయపు పన్ను శాఖలో బంధువున్నవానికి “ఏదో మా మామగారు చూసుకున్నారండీ” అనియు.

బయటికి వచ్చి చూతును గదా, ముందువైపు పైకప్పు అంచున నాలుక బయట పెట్టిన దిష్టిబొమ్మయు, గుమ్మమునకు బూడిదగుమ్మడికాయయు, వాకిట నల్లదారమునకు నిమ్మకాయ మిరపకాయలును వ్రేలాడుచున్నవి. నలుగురి కన్నును పడవలెనని అరువది లక్షలు పోసి కట్టి, నలుగురి కన్నును పడరాదని అరువది రూపాయల గుమ్మడికాయ కట్టుట ఎట్టి తర్కమో అని నేను ఆలోచించుచు నిలువగా, పెద్దాయన యొకరు, “ఊరికే ఉంటారా మాస్టారూ జనం, ఏడుస్తారు” అనిరి. అప్పుడు నాకు అర్థమైనది. ఏడ్వకున్నచో ఇల్లు కట్టినవాని సొమ్ము వ్యర్థము. మరీ ఏడ్చినచో ఇంటికి అరిష్టము. తగుమాత్రముగా ఏడ్చు ఇరుగుపొరుగు దొరకుట పూర్వజన్మ సుకృతము.

మహాశివరాత్రికి కోటప్పకొండకు చుట్టుప్రక్కల గ్రామములనుండి తరలివచ్చు ప్రభలను చూచినవారికి మా వీధులలోని నూతన గృహముల స్వరూపము వేరుగా వర్ణింపనక్కరలేదు. వెదుళ్ళతో ఆకాశమునంటునట్లు కట్టి, రంగుగుడ్డలు చుట్టి, దేవతల బొమ్మలు నిలిపి, విద్యుద్దీపములు తీర్చి తెచ్చిన ప్రభ ముందునుండి చూచువానికి ఇంద్రభవనము. వెనుకకు పోయి చూచువానికి వెదురుబొంగులు, మోకులు, మోకులను పట్టుకొని చెమటలు కార్చు కుర్రవాండ్రు. దానికి వెనుకభాగము లేదు. ఉండవలసిన పనియు లేదు. ప్రక్క గ్రామపు ప్రభకంటె ఒక గజము ఎత్తుగా కనబడుటయే దాని ధర్మము. ఈ ముందుభాగమునకే మా నగరవాసులు ‘ఎలివేషను’ అను పేరు పెట్టి, గోడకు ముందు మరియొక గోడను, దానికి ముందు అద్దములను, అద్దముల చుట్టు అర్థము లేని గుండ్రని కంతలను నిర్మించి, రాత్రి పూట నీలిదీపములు వెలిగించుచున్నారు. కాని ప్రభ కట్టువారు మావారికంటె వివేకవంతులని నా అభిప్రాయము. వారు ఊరంతయు చందాలు వేసికొని కట్టి, శివునికి చూపి, తెల్లవారిన తరువాత విప్పి, వెదుళ్ళను ఇంటికి తీసికొనిపోవుదురు; ఆ ప్రభలో కాపురము పెట్టవలెనని ఎవరును ప్రయత్నింపరు. ఎలివేషనును ఒక్క సంసారము అప్పు తెచ్చి కట్టి, ఎదుటింటివానికి చూపి, విప్పుటకు వీలులేక, దాని వెనుకనే బ్రదుకవలసి వచ్చుచున్నది.

పలనాటిసీమ అనగానే రాతిని తలచుకొనని కవి లేడు. పదునైదవ శతాబ్దపు శ్రీనాథుడు కొండవీటి రెడ్ల కొలువులోని సన్నబియ్యమును మరగినవాడు గనుక, మా జొన్నకూటిని, మా తేళ్ళను, మా నాపరాళ్ళను ఎగతాళి చేసినట్లు ఆయన పేర చాటువులు వాడుకలో నున్నవి. ఆయన ఎగతాళిని మేము ఐదువందల యేండ్లు భరించితిమి. భరించుచునే ఆ నాపరాతితో గోడలు కట్టి, ఆ నాపరాతినే దూలములపై పరచి, పైన మట్టి వేసి, పొలము గట్టున నిలువుగా పాతి, వాకిట అరుగుగా వేసి, ఈ దేశపు ఎండకు తగిన ఇంటిని మాకు మేమే కనిపెట్టుకొంటిమి. ఎండయన్న సామాన్యమైనది కాదు. వేసవి రాగానే ఆంధ్రదేశపు వాతావరణ వార్తలలో మొదట వినవచ్చు పేరు మా రెంటచింతల. 45 డిగ్రీలు దాటు ఆ యెండలో రెండడుగుల మందపు రాతిగోడల నడుమ మధ్యాహ్నము నేలపై పరుండినవాడు శ్రీనాథుని క్షమింపగలడు. అట్టిచోట ఇప్పుడు వీధి వైపంతయు అద్దములు బిగించి, ఆ వేడికి లోపల ఉడికిపోయి, మూడు ఏసీలు పెట్టించి, కరెంటు బిల్లు చూచి రెండింటిని కట్టివేసి, మిగిలిన యొక్కదాని క్రింద సంసారమంతయు చేరి పండుకొనుటకు ‘రిచ్‌గా కట్టాం’ అని పేరు. శ్రీనాథుడు పరాయివాడు, ఆయన నవ్విన రాతిని చూచి ఐదువందల యేండ్ల తరువాత మేమే సిగ్గుపడితిమి. విచిత్రమేమనగా, మాచర్లలో 1958లో సిమెంటు కర్మాగారము వెలసిన నాటినుండి మా సున్నపురాయి పొడియై దేశపు ఇండ్లన్నింటికిని పోవుచున్నది. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలు లోకమునకు తెలుపు నిచ్చుచున్నవి. మాకు మాత్రము చీమకుర్తి నల్లరాయి లేనిదే గౌరవము దక్కదు.

ఇట్టి సౌధములలో మనుష్యులెచ్చట నుందురని అడుగవచ్చును. వెనుక నుందురు. ముందరి హాలులోని సోఫాకు కొన్ననాటి ప్లాస్టిక్ తొడుగు ఇంకను తీయరు. అది రాబోవు సంబంధములవారి కొరకు. మాడ్యులర్ కిచెనులో చేపల పులుసు వండినచో చిమ్నీకి జిడ్డంటునని, పెరటివైపు రేకుల షెడ్డులో పాత పొయ్యి పెట్టి అందులో వండుదురు. అక్కడనే పీట వేసికొని తిందురు. అక్కడనే, వేపచెట్టు నీడను, నులకమంచముపై గృహయజమాని తల్లి పడుకొని యుండును. ఇంటి నుదుట బంగారు రంగు అక్షరములతో ‘మాతృనిలయము’ అని యుండును. మాచర్లకు పోవు దారిలోని పల్లెలలో మరియొక జాతి మేడలు కలవు. కొడుకు టెక్సాసులోనో డబ్లినులోనో ఉండి, మిరప, ప్రత్తి పండించిన తండ్రి చేతికి డాలర్లు పంపి, ఊరిలో ఎవరికిని లేనంతటి ఇల్లు కట్టించును. ఆ ముసలి దంపతులు మేడమెట్లు ఎక్కలేక క్రింది గదిలో నొకదానిని వాడుకొని, మిగిలిన ఏడు గదులకును వారమునకొకమారు చీపురు పట్టించి, రాత్రులందు దొంగల భయముచే నిద్రలేక, కొడుకుతో వీడియోలో మాటలాడునప్పుడు ఫోనును గోడల వైపు త్రిప్పి, “ఇదుగో నాయనా, చెమ్మేం దిగలా” అని చూపుదురు. ఇల్లు కుశలముగా నున్నది. మిగిలిన కుశలములు తరువాత.

పెండ్లిసంబంధముల యందు ఈ సొంతయింటి వ్యాధి పరాకాష్ఠ నొందినది. పిల్లవాని చదువు రెండవ ప్రశ్న, గుణము అడుగని ప్రశ్న. మొదటిది “హైదరాబాదులో ఫ్లాటుందా, ఊళ్ళో ఇల్లుందా” అనునది. పలనాటి యుద్ధవీరుడు మా బాలచంద్రుడు ఇప్పుడు సంబంధమునకు వచ్చినచో ఏమగునని నేనొక్కొక్కప్పుడు ఊహింతును. పెండ్లికూతురు మాంచాల తల్లిగారు కాఫీ ఇచ్చి కూర్చుండబెట్టి, “అబ్బాయి కత్తి బాగా తిప్పుతాడని విన్నాం, సంతోషం. నాన్నగారు మంత్రిగా చేశారట, మంచిదే. మరి కోడిపందెంలో ఓడి మీ మలిదేవరాజుగారు ఏడేళ్ళు ఊరొదిలి పోయారంటగా, అప్పుడు మీరంతా అద్దెకున్నారా?” అని అడుగును. తండ్రి బ్రహ్మనాయుడు నోరు మెదపలేడు. ఆ సంబంధము తప్పిపోవును. బాలచంద్రుడు కారెంపూడి రణరంగమునకు బదులు గృహఋణము కొరకు బ్యాంకు మేనేజరు గది ముందర నిలుచుండును. పలనాటి వీరచరిత్రము వ్రాయవలసిన అవసరము కవులకు తప్పును.

గృహఋణము గూర్చి ఒక్క లెక్క చెప్పి విడిచెదను, ఏలయన లెక్కలు నా విద్య కాదు. 40 లక్షల రూపాయలను నూటికి 9 వార్షిక వడ్డీకి 20 ఏండ్ల గడువుతో తెచ్చినవాడు నెలకు సుమారు 36 వేల చొప్పున కట్టుచు, తుదకు 86 లక్షల పైచిలుకు చెల్లించును. అందు 46 లక్షలు వడ్డీయే. నేను అద్దె కట్టుచున్నానని నన్ను చూచి జాలిపడు మిత్రుడు, సొమ్మునకు అద్దె కట్టుచున్నాడు. భేదమేమనగా నా యింటివాడు నెలకొకమారు వచ్చి, కూర్చుండి, కాఫీ త్రాగి, మా యింటిదాని మోకాళ్ళనొప్పి గూర్చి అడిగి పోవును. ఆయన ఇంటివాడు ఒకటవ తారీఖున ఫోనులో ఒక్క శబ్దము చేసి సొమ్ము లాగుకొనును. నా యింటి తాళము నా జేబులో నున్నది. ఆయన యింటి దస్తావేజులు బ్యాంకువారి ఇనుప బీరువాలో కాపురమున్నవి. ఇవిగాక, 2015లో ఉద్దండరాయునిపాలెమున రాజధానికి శంకుస్థాపన జరిగిన నాటినుండి సత్తెనపల్లి చుట్టుప్రక్కల పొలములలో మొలచిన వెంచర్లలో, ఇల్లు కాదు గదా ఇటుకయైనను లేని స్థలములు కొని, రంగు వేసిన సరిహద్దు రాళ్ళను ఆదివారములందు కుటుంబసమేతముగా దర్శించి వచ్చువారి ఆనందము వేరే అధ్యాయము. రాజధాని ఉన్నదన్నప్పుడు వారు పొంగిరి, రాజధానులు మూడన్నప్పుడు క్రుంగిరి, మరల ఒకటే అన్నప్పుడు లేచిరి. మనుష్యుని మనఃస్థితి ఇంతగా మంత్రివర్గ నిర్ణయములపై ఆధారపడిన కాలము పూర్వము లేదు.

పాశ్చాత్యులకు మనవలె నమ్మి యూరకుండుట చేతకాదు. వారు సుఖమును కూడ కొలతబద్ద పెట్టి కొలుతురు. స్విట్జర్లాండులోని బాసెల్ విశ్వవిద్యాలయమునకు చెందిన రెటో ఓడర్మాట్, అలోయిస్ స్టుట్సర్ అను ఆర్థికవేత్తలు, జర్మనీ దేశమున ఏండ్లతరబడి ఒకే కుటుంబములను ప్రశ్నించి కూర్చిన సమాచారమును పరిశీలించి, 2022లో ప్రకటించిన సంగతి యేమనగా: ఇల్లు కొన్నవారికి సంతృప్తి పెరుగుట నిజమే గాని, కొనుటకు ముందు వారు ఆశించినంత పెరుగలేదు, ధనమును, పైకి రావడమును జీవితపరమావధిగా పెట్టుకొన్నవారి అంచనాయే మిక్కిలి తప్పినది, సంసారమును, స్నేహమును ప్రధానముగా నెంచినవారి అంచనా అంతగా తప్పలేదు. అనగా, నలుగురి కొరకు కొన్నవాడు మోసపోయెను. ఉండుటకు కొన్నవాడు ఉన్నాడు. ఇంకొక సంగతి: 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున నూటికి 86 కుటుంబములకు పైగా సొంత ఇండ్లలోనే యున్నవి. ఇల్లే ఆనందమైనచో భూగోళమున మనకంటె ఆనందమూర్తులు ఉండరాదు. కాని 2024 ప్రపంచ సంతోష నివేదికలో 143 దేశములకు గాను మనకు దక్కినది 126వ పీట. కుటుంబములలో సగమునకు మించి అద్దెయిండ్లలో నుండు స్విట్జర్లాండు మొదటి పది పీటలలో నొకదానిపై కూర్చున్నది. ఈ నివేదికలను నేను పంచాంగముకంటె ఎక్కువగా నమ్మువాడను కాను. పూరిగుడిసెయు సొంత ఇల్లే అని జనాభా లెక్క వ్రాసికొనుననియు ఎరుగుదును. ఐనను, మా కల్యాణమండపపు సిద్ధాంతమునకు ఇంతటి ప్రతికూల సాక్ష్యము ఉన్నదని ఆ బూరె విరిచిన మహాశయునికి తెలియజేయుట నా ధర్మము.

ఇంత తెలిసియు జనులు ఎందుకు ఇంటికై ప్రాకులాడుదురు? ఆ ప్రశ్నకు సమాధానము బాసెల్‌లో లేదు, మా వీధి మొగలో వ్రేలాడు ‘టూలెట్’ పలకలో నున్నది. నా యౌవనమున, మాచర్లలో ఉద్యోగము దొరికిన క్రొత్తలో, ఇట్టి పలక చూచి నేనొక తలుపు తట్టితిని. గృహిణి మర్యాదస్థురాలు, లోనికి రమ్మని, మంచినీళ్ళిచ్చి, గది చూపి, అద్దె చెప్పి, అంతయు కుదిరినదని నేననుకొనుచుండగా, చీరచెంగు సవరించుకొనుచు, “ఇంతకీ మీరేమిటోళ్ళండీ?” అని యడిగెను. చూచితిరా, మరల ఆ ‘ఇంతకీ’! నేను చెప్పితిని. “అయ్యో, మా అబ్బాయి నిన్ననే ఎవరికో మాటిచ్చాడంట బాబూ, ఇప్పుడే గుర్తొచ్చింది” అని ఆమె నొచ్చుకొనుచు పలికినది. మంచినీళ్ళ గ్లాసును అంచు తాకకుండ తీసికొనినది. ఇరువది యేండ్ల తరువాతను నాకు ఆ వీధియందలి ఆ పలక కనబడుచుండెను. ఎవరికి మాటిచ్చిరో, వారింకను రాలేదు కాబోలు.

ఈ ‘ఇంతకీ’ వినబడు సీమలోనే, కార్తీక అమావాస్య మొదలు ఐదుదినములు కారెంపూడిలో పలనాటి వీరుల ఆరాధన జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని దినమునకొక పేరు. మందపోరునాడు చాపకూడు. కులమేదని యడుగక ఒక్క చాపపై అందరిని కూర్చుండబెట్టి బ్రహ్మనాయుడు అన్నము పెట్టెననియు, మాల కన్నమదాసును కొడుకుగా చేపట్టెననియు చెప్పి, మా వక్తలు గొంతు జీరవోవ ఉపన్యసింతురు. మేమును కన్నులు తుడుచుకొందుము. కుడిచేతితో ఆ చాపకూటి ముద్ద తిని, చేయి కడుగుకొని, ఇంటికి పోయి, గది అద్దెకడిగిన కుర్రవానిని ఎడమచేతితో గేటు పట్టుకొని, “ఇంతకీ” అని మొదలుపెట్టుదుము. అన్నమునకు చాప దొరకినది గాని చాప పరచుకొనుటకు గది దొరకలేదు. వినుకొండలో పుట్టిన జాషువాగారు ‘గబ్బిలము’లో, గబ్బిలమునకు గుడిలోనికి దారియుండి మనిషికి లేకపోయిన వైపరీత్యమును లోకమునకు చెప్పి ఎనుబది యేండ్లు దాటినది, గబ్బిలములకు ఇప్పటికిని మా వీధిలోని మూతబడిన డూప్లెక్సులలో ఉచితముగా వసతి దొరకుచున్నది, వానిని ఎవరును ఏమిటోళ్ళని యడుగుట లేదు.

కావున సొంతయిల్లు కలుగజేయునదని చెప్పబడు ఆ గౌరవమును విప్పి చూచినచో, అందు ఇల్లున్నవానికి కలిగిన గొప్ప కొంచెమే. లేనివానికి జరుగు అవమానమే హెచ్చు. మేకు ఎక్కడ కొట్టవలెనన్న ఇంటివాని ననుమతి అడుగవలెను. చుట్టములు రెండురోజులు మించి ఉన్నచో మోటారు ఎందుకు అన్నిసార్లు వేయుచున్నారను ప్రశ్న వినవలెను. నెలసరి ముట్టు, పురుటి మైల, చావు మైల యన్నియు ఇంటివాని సమ్మతితో జరుగవలెను. కొన ఊపిరితో నున్న అద్దెదారును, “ఇంట్లో పోతే మాకు మైల మాస్టారూ” అని ఆసుపత్రికి తరలింపుమన్న సంగతులు ఈ సీమలో వింతలు కావు. ఈ హింస పడినవాడు అప్పు చేసియైనను నాలుగు గోడలు కట్టుకొన్నచో వానిని నేను ఎగతాళి చేయను. కాని ఆ నాలుగు గోడలపై మరియొక అంతస్తు లేచి, దానిని అద్దెకిచ్చిన మరునాడే, ఆ మనుష్యుడు మోటారు స్విచ్చు ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండుట చూచినప్పుడు మాత్రము నాకు నవ్వు రాదు, మరేమో వచ్చును.

పేదవాని ఇంటి జోలికి నేను పోవుట లేదని వేరుగా చెప్పవలయునా? 2020 డిసెంబరు 25న రాష్ట్రమున పంచిపెట్టిన పట్టాలలో పల్లెలలో సెంటున్నర, పట్టణములలో సెంటు. సెంటనగా 48 గజములపైన కొంచెము. మా వీధిలో కార్లు నిలుపుకొను చోటు అంతకంటె పెద్దది. అందులో కట్టుకొన్న గది వానకు తడవకుండుటకు, ఆడపిల్ల చాటున బట్టలు మార్చుకొనుటకు, ఎవరును పొమ్మనకుండుటకు. దానికి ఎలివేషను లేదు. పేరు మాత్రమున్నది, కాని అది ఉన్నవాని పేరు కాదు: ఒక కాలమున ఇందిరమ్మ, ఒక కాలమున ఎన్టీఆర్, ఒక కాలమున జగనన్న. ధనవంతుడు సొంతయింటిపై తల్లి పేరు వ్రాసికొని ఆమెను పెరటిలో పడుకొనబెట్టును. పేదవాడు తన యింటిపై పాలకుని పేరు మోయుచు, ప్రభుత్వము మారినప్పుడెల్ల కాలనీ ముందరి పలకపై రంగు మారుట చూచుచు, తన చిరునామా ఏమని చెప్పవలెనో తెలియక తికమకపడును.

ఇక నా సంగతి. నేను నరసరావుపేటలో పదునేడేండ్లుగా నున్నది పాతకాలపు నాపరాతి మిద్దెయింటి క్రింది భాగమున. 2022 ఏప్రిలులో పలనాడు జిల్లా యేర్పడి మా యూరు జిల్లాకేంద్రమైన యేడాదిలోనే, అద్దెలు పెరుగుననియు హోదా పెరుగవలెననియు, మా యింటివారు ఆ ప్రక్కనే, పునాదులనుండి క్రొత్తగా, వీధివైపంతయు నీలిఅద్దములతో మూడంతస్తుల మేడ లేపి అందులోనికి మారిరి. మాకు పాత యిల్లు మిగిలినది. “ఎట్టాగూ పడగొట్టేదేగా మాస్టారూ, అప్పటిదాకా ఉండండి” అనిరి. పడగొట్టుటకు సొమ్ము చాలక, అప్పటిదాకా అనునది ఇప్పటిదాకా సాగుచున్నది.

గత వైశాఖమున ఒకనాటి మధ్యాహ్నము కరెంటు పోయెను. మూడు గంటలైనను రాలేదు. తలుపు చప్పుడైనచో తీసితిని. మా యింటివారు, బనియను చెమటతో తడిసి, చేత విసనకర్రతో నిలిచియున్నారు. ఏమియు అనక లోనికి వచ్చి, నా నులకమంచముపై వెల్లకిల పడుకొని, పైని నాపబండలను చూచి పెద్ద నిట్టూర్పు విడిచిరి. మా యింటిది కుండలోని నీళ్ళు తెచ్చి యిచ్చినది. కొంతసేపటికి వారి భార్యయు, ఆమె వెనుక దిండు చంకబెట్టుకొని మనుమడును వచ్చిరి. వారికి నేలపై చాప పరచితిమి. నేను గుమ్మమున స్టూలు వేసికొని కూర్చుంటిని. ఎదుట వీధిలో నెవ్వరును లేరు; మేడ అద్దములపై ఎండ పడి, చూచిన కన్నును పొడుచుచుండెను; దిష్టిబొమ్మ నాలుక రంగు వెలిసిపోయినది. లోపల చల్లగానున్నది. ఇంటివారికి కునుకు పట్టినదనుకొంటిని గాని, కన్నులు తెరువకయే, నిద్రమత్తు గొంతుతో అనిరి:

“మాస్టారూ, వచ్చే నెల్నుంచి అద్దె ఓ ఐదొందలు పెంచుదామనుకుంటున్నా. ఏమంటారు? ఇంత చల్లటి ఇల్లు మీకు యాడ దొరుకుద్ది?”